లాంగ్ బెల్లు తర్వాత

ప్రాథమిక పాఠశాలలో ఆ రోజు చదువు ఎలా సాగిందో తెలుసుకోవాలంటే, లాంగ్ బెల్లుకు ముందు నల్లబల్ల మీద ఏం రాశారో చూస్తే చాలు. 'ఐదో పాఠం చూచిరాత. ఏడో ఎక్కం ఐదుసార్లు' అని ఉంటే, పగలు చెప్పడానికి వీలుపడని చదువు రాత్రికి ఇంటికి బయల్దేరిందని అర్థం. 'మీ ఇంట్లో బియ్యం దేనితో కొలుస్తారో కనుక్కుని రండి' అని ఉంటే, పాఠం బాగా నడిచిందని, దాని ధ్యాస పిల్లల్లో ఇంకా మిగిలే ఉందని అర్థం. చోడవరం చుట్టుపక్కల మండల పరిషత్ బళ్లలో పిల్లలకు చదువు చెప్పిన కాలమంతా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ సాయంత్రపు నల్లబల్లే.

చోడవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయేదాకా విశాఖపట్నం జిల్లా. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ విశాఖ జిల్లానే. ఊరి పేరు చెప్పగానే స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తాయి. చుట్టూ చెరకు, వరి. చెరకు కొట్టే రోజుల్లో తల్లిదండ్రులు తెల్లవారకముందే పొలానికి వెళ్లిపోతారు. పిల్లల్ని లేపి, తల దువ్వి, బడికి పంపే పని ముసలమ్మలదీ, ఐదో తరగతి చదివే అక్కలదీ. అలా వచ్చిన పిల్లలు ప్రేయర్లో నిలబడి ప్రతిజ్ఞ చెబుతుంటే, కొందరి కళ్లలో నిద్ర ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. 2023 మార్చిలో బళ్లలో రాగి జావ మొదలైనప్పుడు ఒక చిన్నవాడు గ్లాసు వాసన చూసి, 'ఇది చోడి అంబలే కదండీ!' అన్నాడు. వాడికి తెలిసిన తిండి బడిలోకి వచ్చిందన్న సంతోషం ఆ మాటలో ఉంది. ఆ సంతోషం పాఠంలోనూ ఉండాలన్నదే నా కోరిక.

ఇక పాఠాల సంగతి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అంటే రోజుకు నాలుగు గంటలు. అదే చట్టం 60 మంది దాకా పిల్లలున్న బడికి ఇద్దరు టీచర్లు చాలంది. పల్లెల్లో చాలా బళ్లు ఆ లెక్కలోవే. ఇద్దరు టీచర్ల రోజు కలిపితే ఎనిమిది గంటలు. ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి గంటా ముప్పై ఆరు నిమిషాలు. అందులోనే తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పెద్ద తరగతులకు పరిసరాల విజ్ఞానం. హాజరు, భోజనం వడ్డన, ఫోనులో యాప్‌లు నింపడం ఈ లెక్కలోకి రానే లేదు. టీచర్ ఒకరు సెలవు పెట్టిన రోజున ఈ లెక్క వేయాల్సిన పనే లేదు.

ఒకే గదిలో మూడు తరగతులు కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో చెబుతాను. మూడో తరగతికి తీసివేత చెప్పాలి. ఆ సేపు ఒకటో తరగతి, రెండో తరగతి గోల చేయకుండా ఉండాలి. 'మీరు ఈ పేజీ చూసి రాయండి' అంటాం. రాస్తారు. గది నిశ్శబ్దమవుతుంది. నోటు నిండుతుంది. పిల్లకు ఆ పేజీలో ఒక్క మాట చదవడం రాకపోయినా గీతకు గీత, సున్నాకు సున్నా దించేస్తుంది. చూచిరాత పుట్టింది ఇక్కడే, టీచర్ల కొరత ఉన్న గదిలో, పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టే ఉపాయంగా. సాయంత్రం అదే ఉపాయం ఇంటిపని పేరుతో పలకసంచిలో ఎక్కుతుంది. దీనికి ఆ టీచరును తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం తరగతికి ఒక టీచరు ఉండేలా ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు పెట్టింది. ఆ అవసరాన్ని గుర్తించడమే పెద్ద మేలు. కాని దూరదూరంగా ఉన్న చిన్న పల్లెల్లో ఇద్దరు టీచర్ల బడి ఇంకా ఉంది, ఇకమీదటా ఉంటుంది.

ఈ ఇబ్బంది మనకు కొత్తది కాదు. దానికి మన వీధిబళ్లు కనిపెట్టిన మార్గం ఒకప్పుడు సముద్రం దాటి వెళ్లింది. 1789లో మద్రాసు ఎగ్మోరులో సైనికుల అనాథ పిల్లల బడిని చూసుకోవడానికి వచ్చిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు, ఆ దగ్గర్లో ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. తన బడిలో అదే పెట్టించాడు. తర్వాత పెద్దపిల్లలే చిన్నపిల్లలకు నేర్పే ఏర్పాటు చేశాడు. 1797లో లండన్‌లో ఆ అనుభవాన్ని పుస్తకంగా వేశాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఇంగ్లండులో వేల బళ్లకు పాకింది. మనకు మాత్రం ఆ సంగతి గుర్తులేదు. ఇసుకలో రాసింది ఎవరూ ఇంటికి మోసుకుపోలేరు. అక్కడే దిద్దాలి, అక్కడే చెరపాలి, వస్తే ముందుకు, రాకపోతే మళ్లీ. రాత చూపించడానికి కాక రావడానికే ఉండేది. వీధిబడి గొప్పదని నేననను. బెత్తం దెబ్బలు, కోదండాలు, అందరినీ రానివ్వని అరుగులు అన్నీ అక్కడే ఉన్నాయి. అయినా ఐదో తరగతి పిల్ల ఒకటో తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని గుణింతం చెప్పే ఏర్పాటు మన రెండు గదుల బడికి ఇవాళా సరిపోతుంది. చెప్పే పిల్లకు కూడా గుణింతం గట్టిపడుతుంది. చూచిరాత కన్నా వెయ్యి రెట్లు మేలు. గదిలో కాస్త గోల ఉంటుంది. ఉండనీయాలి.

నాలుగో తరగతికి తూకాల పాఠం చెబుతున్న రోజు ఒకటి ఉంది. పుస్తకం గ్రాముతో మొదలై కిలోకు వెళుతుంది. వెనక వరసలో ఒక పిల్ల లేచి, 'టన్ను నాకు తెల్సండి' అంది. ఎలా తెలుసంటే, 'మా నాన్న బండి కాటా ఎక్కితే చీటీ ఇత్తారండి' అంది. పక్కనున్న కుర్రాడు ఊరుకోలేదు. 'అందులో బండి బరువు తీసీయాలండి. ఒట్టి బండిని మళ్లీ కాటా ఎక్కిత్తారు' అన్నాడు. ఆ మాటతో పాఠం తనంతట తానే కదిలింది. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే చెరకు బరువు. ఇన్నాళ్లూ 'పక్క ఇంటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో' అని చెప్పినా ఎక్కని తీసివేత, రైతు డబ్బు దాని మీదే ఆధారపడి ఉందని తెలిసేసరికి ఎక్కేసింది. అంకె ఒకటి తప్పితే నాన్నకు ఎంత నష్టమో వాళ్లే లెక్క కట్టారు. ఆ గంటలో పిల్లలెవరూ బయటకు వెళతానని చూపుడువేలు ఎత్తలేదు.

ఆ సాయంత్రం నల్లబల్ల మీద ఒకే వాక్యం రాశాను. ఇంట్లో కొలిచే, తూచే వస్తువులేమిటో పెద్దవాళ్లను అడిగి రమ్మని. మర్నాడు ఒకడు జేబులో మడతపెట్టిన పాత తూకం చీటీ తెచ్చాడు. చెరకు లేని ఇంటి పిల్ల వాళ్ల మామ్మ దగ్గరున్న తవ్వ పట్టుకొచ్చింది. మామ్మ చెప్పిన లెక్క కూడా తెచ్చింది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అయితే కుంచానికి ఎన్ని సోలలు? పిల్లలు వేళ్ల మీద రెట్టించుకుంటూ పోయి పదహారు తేల్చారు. రెండో ఎక్కం నేర్పడానికి ఇంతకన్నా చక్కని సామాను ఏ కిట్టులోనూ రాదు. ఆ మామ్మకు సంతకం రాదు. మనవరాలి ఇంటిపనిలో ఆమె సాయపడిన రోజు అదే మొదటిది. అక్షరం రాని మనిషి కూడా చేయించగల ఇంటిపని ఒకటుంటుందని ఆ తవ్వను చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు గట్టిగా తోచింది.

మామూలు ఇంటిపని అలాంటి ఇళ్లలో ఎలా నడుస్తుందో కూడా చెప్పాలి. అమ్మ పనినుంచి వచ్చి పొయ్యి వెలిగిస్తుంది. నాన్న ఇంకా రాలేదు. అక్షరం చెప్పేవాళ్లు లేరు. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. 2020 నుంచి వచ్చిన ఈ జంటభాషల పుస్తకాలు నిజంగా మంచి ఏర్పాటు. కాని ప్రశ్న ఇంగ్లీషు పేజీలోంచి ఇచ్చినప్పుడు ఇంట్లో ఎవరికీ అది ఏమిటో తెలియదు. తెలిసిన అన్న ఉంటే జవాబు చెబుతాడు, లేదా తనే రాసి పెట్టేస్తాడు. లేని ఇంట్లో పిల్ల పక్కవాళ్ల నోటు అడిగి తెచ్చుకుని దించుతుంది. ఇంకొంచెం డబ్బున్న ఇంట్లో ట్యూషన్. మర్నాడు టీచరు ముందుకు వచ్చే నోటులన్నీ ఒకేలా నిండి ఉంటాయి. ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో వాటిలో కనిపించదు. పగలు వెనకబడిన పిల్ల రాత్రి ఇంకాస్త వెనకబడుతుంది. చదువుకున్నవాళ్ల ఇంటి పిల్ల ఇంకాస్త ముందుకు వెళుతుంది. బడి సరిచేయవలసిన తేడాను ఇంటిపని పెంచుతుంది.

చోడవరం టౌనులో చిన్నపిల్లల ప్రైవేటు బళ్ల సంగతి వేరు. అక్కడ ఎల్‌కేజీ పిల్లకు కూడా డైరీ, నాలుగు గీతల నోటు, రోజూ ఇంటిపని. నాలుగేళ్ల పిల్ల వేళ్లకు పెన్సిలు పట్టే బలం ఇంకా రాలేదు. అమ్మ ఆ చేతిని తన చేతిలో పట్టి రాయిస్తుంది. పిల్ల ఏడుస్తుంది, అమ్మకు కోపం. దీన్ని చదువు అనడం నాకు చేతకాదు.

ఈ బరువు గురించి దేశం మాట్లాడక కాదు. రాజ్యసభకు నామినేట్ అయిన ఆర్.కె. నారాయణ్ 1989లో అక్కడ చేసిన తొలి ప్రసంగమే బడిపిల్లల సంచుల బరువు మీద. దాని వెనకే ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ వచ్చి 1993లో నివేదిక ఇచ్చింది. సంచి బరువు కన్నా అర్థం కాని చదువు బరువే పెద్దదని ఆ కమిటీ తేల్చింది. నా దృష్టిలో మన బడిచదువు మీద అంత సూటిగా, అంత దయగా వచ్చిన నివేదిక మరొకటి లేదు. 2018 మేలో మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతులకు ఇంటిపని ఇవ్వకూడదని ఆదేశించింది. అదే ఏడు నవంబరులో కేంద్రం రాష్ట్రాలకు ఆ మాటే రాసింది. 2020లో వచ్చిన పాఠశాల సంచుల విధానం ఇంకా వివరంగా చెప్పింది. రెండో తరగతి దాకా ఇంటిపని వద్దు. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలకు మించకూడదు. వారానికి, రోజుకు కాదు. అమెరికాలో హ్యారిస్ కూపర్ అనే ఆచార్యుడు ఎన్నో ఏళ్ల పరిశోధనలన్నీ దగ్గర పెట్టుకుని చూసి, హైస్కూలు పిల్లలకు ఇంటిపనికీ మార్కులకూ సంబంధం కనిపిస్తోంది గాని, ప్రాథమిక తరగతుల్లో అది లేనట్టేనని చెప్పాడు. ఇన్ని చెప్పాక కూడా ఐదుసార్లు రాసుకు రమ్మనడం ఎందుకు ఆగడం లేదు?

ఆగకపోవడానికి కారణం ఒక తల్లి నాకు ఒక్క మాటలో చెప్పింది. 'ఏటి మేస్టారూ, మా బొట్టెకి ఇంటికాడ రాసుకోమని ఏటీ ఇవ్వలేదేటండీ?' అని బడి గేటు దగ్గర నిలబడి అడిగింది. కోపంగా కాదు, దిగులుగా. ఆమెకు చదువు రాదు. కూతురు చదువుతోందో లేదో ఆమెకు తెలిసే దారి ఒక్కటే, నిండిన పేజీ. నోటు ఖాళీగా ఉంటే బడిలో ఏమీ జరగడం లేదని ఆమె భయం. పక్కింటి పిల్ల ప్రైవేటు బడి నుంచి వచ్చి మూడు నోటులు ముందేసుకుని కూర్చుంటుంటే ఆ భయం ఇంకా పెరుగుతుంది. పూటకు పూట కూలి చేసుకుంటూ కూతుర్ని చదివించాలనుకునే ఆ తల్లికి పరిశోధనలూ కేంద్రం సర్క్యులర్లూ చెప్పి ప్రయోజనం లేదు. ఆమెకు కావలసింది ఒక గుర్తు, పిల్లకు చదువు వస్తోందని తన కంటికో చెవికో తెలిసే గుర్తు.

అందుకే నేనామెను అడిగింది ఒకటే. రోజూ రాత్రి అన్నం తిన్నాక పిల్ల చేత ఒక అరపేజీ పైకి చదివించుకుని వినమ్మా అని. 'నాకేటి తెల్సునండీ?' అంది. తెలుస్తుంది. అక్షరం రాకపోయినా, పిల్ల ఆగి ఆగి కూడబలుక్కుంటోందా, మాట్లాడినట్టు చదువుతోందా అన్నది ఏ తల్లి చెవికైనా తెలుస్తుంది. నిన్న నాలుగుచోట్ల ఆగిన పిల్ల ఇవాళ రెండుచోట్లే ఆగితే అదే ఎదుగుదల. చదివాక 'అందులో ఏటుంది?' అని అడిగి, పిల్ల తన మాటల్లో చెబితే అర్థమైనట్టు. దీనికి పెన్ను అక్కర్లేదు, ట్యూషన్ అక్కర్లేదు. పది నిమిషాల పని.

'తన మాటల్లో' అన్నది ఈ ఉత్తరాంధ్రలో తేలిగ్గా దొరికిన హక్కు కాదు. 1906 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఇటు ఉత్తర జిల్లాలకు బళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తరగతి గదుల్లో పిల్లలు పుస్తకంలో చదివే తెలుగు ఒకటి, నోటితో మాట్లాడే తెలుగు మరొకటి కావడం ఆయనకు వింతగా తోచింది. ఎందుకిలా అని విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఆ ప్రశ్న గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి గార్ల దాకా వెళ్లి వ్యావహారిక భాషోద్యమమయింది. ఆ పోరాటం పుస్తకాల వాళ్ల మధ్య జరిగిందని అనుకుంటాం గాని, అది మొదలైంది చిన్నపిల్లల తరగతి గదిలో. గిడుగువారు అంతటితో ఆగలేదు. పర్లాకిమిడి కొండల్లోని సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, తన డబ్బుతో బళ్లు నడిపారు. బడే పిల్ల మాట నేర్చుకోవాలన్న పట్టుదల అది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ రోజు పిల్లల చేత పద్యాలు చెప్పిస్తాం. మంచిదే. 'మామ్మ చెప్పింది' అంటూ ఒక పిల్ల తన యాసలో నాలుగు వాక్యాలు రాసి తెస్తే వాటికింద ఎర్ర సిరా పెట్టకుండా ఉండటం గిడుగువారికి ఇంకా దగ్గరి పూజ.

మాడుగుల దాటి పాడేరు వైపు వెళితే కొండభాషలు మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలున్నారు. తెలుగు చూచిరాత వాళ్లకు మరీ దూరపు వస్తువు. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా వంటి ఎనిమిది భాషల్లో మొదటి తరగతులకు పుస్తకాలు వేశారు. ఆ పని వదలకుండా సాగవలసింది.

టీచర్లతో ఒక మాట. మన గంటా ముప్పై ఆరు నిమిషాల్లో అన్నీ అయిపోవని నాకు తెలుసు. మిగిలిన పాఠాన్ని రేపటికి అట్టే పెట్టండి, రాత్రికి పంపకండి. మూడో తరగతి నుంచి పై పిల్లలకు ఏదైనా ఇవ్వాలనుకుంటే, ఇంట్లో ఎవరో ఒకరిని అడిగితేనే జవాబు దొరికే ఒక్క ప్రశ్న ఇవ్వండి. వర్షం ఆలస్యమైతే మీ పొలంలో ఏం చేస్తారు? మీ తాత చిన్నప్పుడు ఈ ఊరికి రోడ్డు ఎటుండేది? ఇంట్లో ఉప్పు ఎన్నాళ్లకు ఒక ప్యాకెట్టు అవుతుంది? మర్నాడు మొదటి పావుగంట ఆ జవాబులు వినడానికి పెట్టుకోండి. వినని ఇంటిపని ఇవ్వకండి, చూడని నోటు నింపించకండి.

అమ్మానాన్నలకూ ఒక మనవి. రాత్రి తొమ్మిదికి పిల్ల నిద్రకు తూలుతుంటే ఆ పేజీ మీరు రాసిపెట్టకండి, కొట్టి రాయించకండి. డైరీలో 'మా పిల్ల నిద్రపోయింది' అని రాయండి. రాయడం రాకపోతే పొద్దున బడి గేటు దగ్గర ఆ మాట నోటితో చెప్పండి. రెండో తరగతి దాకా పిల్లలకు ఇంటిపని ఇవ్వకూడదన్న నిబంధన ఉందని, ఉన్నదున్నట్టు, మర్యాదగా గుర్తుచేయండి. అలా అడిగే హక్కు మీకుంది.